నడివీధిలో హొరబీడు

క్షమ గొప్ప గుణమని మా బడిలో తెలుగు పంతులు చెప్తాడు. నేను లెక్కల పంతుల్ని. ఇటువైపు ఎంత తీసేస్తే అటువైపూ అంత తీసేయాలి, లేకపోతే లెక్క నిలవదు. అందుకే మా ఊరి వనజాక్షి అంటే నాకు గౌరవం. ఆమె పాలు కాచినంత శ్రద్ధగా పగ కాస్తుంది. పొంగనివ్వదు, మాడనివ్వదు. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ అనంతపురంలో కొందరు ఆమెను మూర్ఖురాలని, పైకొచ్చే కుర్రాణ్ణి ముంచిందని అంటున్నారు. నాకు ఒళ్ళు మండి రాస్తున్నాను.

మాది గుమ్మఘట్ట పక్క పల్లె. పొలిమేర దాటితే కర్ణాటక. తిట్లు కన్నడంలోనూ ముద్దులు తెలుగులోనూ నడుస్తాయని మాకు పేరు. వనజాక్షి మొగుడు ఓబిలేష్ ఇక్కడ మొదటి కేబుల్ టీవీ పెట్టాడు. మిద్దె మీద ఇనుప గొడుగు లాంటి పెద్ద డిష్షు, వీధుల వెంట నల్ల వైర్లు. 2009లో ఓ వానాకాలం, వాన లేని వానాకాలం, స్తంభమెక్కి వైరు సరిచేస్తూ కరెంటు కొట్టి పోయాడు. కర్మకాండలు అయిన మర్నాడే వనజాక్షి చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన భుజాన వేసుకుంది. ఆడది స్తంభం ఎక్కడమేమిటని అన్నవాళ్ళ ఇళ్ళకు ఆ నెలంతా పాటల ఛానెల్ రాలేదు. వాళ్ళు అడిగితే వైరు పాతదైపోయిందని చెప్పింది.

ఆమె నెలనెలా చందాకు తానే ఇల్లిల్లూ తిరిగేది. గుమ్మఘట్ట మండలంలోనూ, బెళుగుప్ప వైపూ కలిపి ముప్పై ఊళ్ళు. ఎవరింట్లో ఏ రోజు కూలి వస్తుందో, ఎవరు ఇవాళ కాదంటే నిజంగా లేనట్టో, ఎవరు దాచుకుని లేదంటారో ఆమెకు తెలుసు. టీవీ బాగుచేసి, రిమోటుకు బ్యాటరీ వేసి, ముసలమ్మలకు మాత్రల చీటీ చదివిపెట్టి, ఆ తర్వాతే చెయ్యి చాచేది. ఒకసారి ఓ కాంట్రాక్టరు, రేటు దగ్గర గొడవపడి ఆమె వైర్లు కోయించాడు. పోలీసు స్టేషనుకు పోదామన్నాను. "ఎందుకులే సార్" అంది. ఆరు నెలల తర్వాత ఆ కాంట్రాక్టరు కూతురి పెళ్ళి లోకల్ ఛానెల్లో వేయించుకున్నాడు. ముప్పై ఊళ్ళవాళ్ళు పెళ్ళి చూశారు. వియ్యంకులుండే వీధి టీవీల్లో మాత్రం చుక్కలే కనబడ్డాయి.

తర్వాత ఇంటింటి డిష్షులొచ్చాయి. ఒక్క వారంలో మూడు వందల కనెక్షన్లు పోయాయి. ఆ వారం ఆమె నేర్చుకున్న పాఠం నా ఎమ్మెస్సీలో లేదు. "రేటు పెరిగితే మనిషి తిడ్తాడు సార్, మానేయడు. పక్కింటోడు మానేస్తే మానేస్తాడు" అని చెప్పింది. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను.

ఫోన్లొచ్చాక కేబులు చచ్చిపోయింది. ఆ రోజుల్లోనే, 2022లో, దివాకర్ వచ్చాడు. బెళుగుప్ప వైపు పెద్ద భూమి ఉన్న ఇల్లు. అన్న రాజకీయాల్లో, బావ కంకర మిషన్లలో, ఇతను బెంగళూరులో కంప్యూటర్ చదువు చదివి అనంతపురంలో కంపెనీ పెట్టాడు. దాని పేరు నడివీధి. ఫోన్లో తెరిస్తే మన ఊరి వీధి అచ్చంగా కనబడుతుంది, దానికి ఆనుకుని పక్క ఊళ్ళ వీధులు. అందులో మనకో ఇల్లు, ఇంటి ముందు అరుగు, మన పోలికతో ఓ బొమ్మ. బొమ్మను నడిపించుకుంటూ పోయి ఎవరి అరుగు మీదైనా కూచోవచ్చు, పక్కన కూచున్న బొమ్మతో మాట్లాడొచ్చు. బెంగళూరులో ఇటుకలు మోసేవాడు, కువైట్లో వంట చేసేది, ఇక్కడ గొర్రెలు కాసేవాడు, ముగ్గురూ ఒకే అరుగు మీద కూచుని సొంత గొంతుల్తో కబుర్లాడుకోవచ్చు. కోళ్ళు పెంచుకోవచ్చు, ఎద్దులు కట్టేసుకోవచ్చు. చందా కట్టినంత కాలం ఇంటి ముందు దీపం వెలుగుతుంది. కట్టకపోతే ఆరిపోతుంది. వీధిలో చీకటి ఇల్లు మనదొక్కటే అయితే సిగ్గేసి కడతామని దివాకర్ ఉపాయం.

ఇవన్నీ ఒక ఎత్తు, వాన ఒక ఎత్తు. నడివీధిలో రోజూ సాయంత్రం ఐదున్నరకు వాన పడుతుంది. చినుకుల శబ్దం, చూరు కారడం, మట్టి రంగు మారడం, అన్నీ. మా ప్రాంతంలో వాన కోసం మనుషులు ఏమేం చేస్తారో బయటివాళ్ళకు తెలియదు. నేను లెక్కల పంతుల్ని, అది బొమ్మ వానని తెలుసు, అయినా ఐదుంబావుకే ఫోను తెరిచి కూచునేవాణ్ణి.

దివాకర్ తెలివైనవాడు. ఊళ్ళల్లో తన ఫోను మాట ఎవరూ నమ్మరని తెలిసి నేరుగా వనజాక్షి ఇంటికొచ్చాడు. నెలకు ముప్పై రూపాయలు చందా, ఆమె చేర్చిన ప్రతి ఇంటికీ నెలకు మూడు రూపాయలు ఆమెకు. ఆమె ఒకటే అడిగింది.

"ముప్పై ఎప్పటికీ ముప్పైయేనా?"

"ఎప్పటికీ అక్కా. నేను బతికుండేంత వరకూ."

"ఇది నేను జనానికి చెప్తా. చెప్పినాక నా మాటయితాది, నీది కాదు. ఆలోచించుకో."

"చెప్పక్కా" అన్నాడు. ఆ మాటలప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

ఆమె ముప్పై ఊళ్ళూ తిరిగింది. ఫోన్లో ఆటో పే నొక్కమంటే జనం భయపడ్డారు, డబ్బు అదంతటదే పోతుందంటే ఎవరికి భయముండదు? "ముప్పైకి మించి ఒక్క రూపాయి పోతే నన్నొచ్చి అడగండి. నేను యాడికీ పోను, ఈడనే ఉంటా" అని ప్రతి గడప ముందూ చెప్పింది. రెండేళ్ళలో నడివీధిలో ఆరువేల దీపాలు వెలిగితే అందులో నాలుగువేలు ఆమె వెలిగించినవే.

అందులో ఒక దీపం సిద్దవ్వది. డెబ్భై దాటిన మనిషి, కూతురు రేఖ కువైట్లో ఓ ఇంట్లో పనిచేస్తుంది. ఇక్కడ ఐదున్నరంటే అక్కడ మధ్యాహ్నం మూడు, అంట్లు తోమి కాస్త నడుం వాల్చే వేళ. ఆ అరగంటా తల్లీ కూతురూ నడివీధి అరుగు మీద కూచుని వాన చూసేవాళ్ళు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. వట్టి ఫోన్లో అయితే మాటలు వెతుక్కోవాలి, అరుగు మీదైతే ఊరికే కూచోవచ్చు అనేది సిద్దవ్వ.

పోయిన ఏడాది దివాకర్ ప్యాకేజీలు తెచ్చాడు. ముప్పై రూపాయలకు వీధిలో నడవొచ్చు, అంతే. అరుగు మీద కూచుని మాట్లాడాలన్నా, వాన చూడాలన్నా నూట ఇరవై తొమ్మిది. ముప్పై వాళ్ళకు ఐదున్నర అయితే తెర బూడిద రంగులోకి మారి, వాన మీద తాళం కప్ప బొమ్మ పడుతుంది. వాన మీద తాళం కప్ప! అనంతపురం మట్టిలో పుట్టినవాడికి ఆ ఊహ ఎలా వచ్చిందో నాకిప్పటికీ అంతుబట్టదు. అది చాలదన్నట్టు, ఓ నెల ఉచితమని చెప్పి అందర్నీ తనే పెద్ద ప్యాకేజీలోకి మార్చాడు. వద్దనుకునేవాళ్ళు వద్దని నొక్కాలట. ఎవరికి తెలుసు? నెల తిరగ్గానే కూలోళ్ళ ఖాతాల్లోంచి నూట ఇరవై తొమ్మిది చొప్పున కోసుకున్నాడు.

సిద్దవ్వ పింఛను ఖాతాలోంచి మూడు నెలలు అలా డబ్బు పోయింది. ఆమె కర్ర పొడుచుకుంటూ వనజాక్షి ఇంటి ముందుకొచ్చింది. తిట్టలేదు. గడప అవతలే నిలబడి, పదిమంది వింటుండగా, "నీ మాట నమ్మినా గదమ్మా" అని ఒక్కటే అంది. ఆ తర్వాత వారం రోజులు అదే వరస. కొందరు అరిచారు, కొందరు ఆమెకూ వాటా ఉందన్నారు. పదిహేనేళ్ళు ఏ గడపలో ఆమె పీట వేయించుకుని కూచుందో ఆ గడపల్లో ఇప్పుడు ఎదురొస్తే మొహం తిప్పుకున్నారు. ఆమెకు ఆస్తి లేదు, కొడుకుల్లేరు. ఉన్నదల్లా ఆ మాట. అదీ పోయింది.

నాకు ఆ వారం అనంతపురంలో మూల్యాంకనం డ్యూటీ. ఇద్దరం ఒకే బస్సులో పోయాం, ఆమెతో కంపెనీ ఆఫీసుకూ పోయాను. మూడు గంటలు బయట కూచోబెట్టాడు దివాకర్. లోపలికి పిలిచాక లేచి నిలబడనైనా లేదు.

"ముప్పై ముప్పైలాగే ఉండాది గదక్కా. నేనేం మాట తప్పినా? ముప్పైకి వీధి. వాన వేరే."

"నాకు చెప్పినప్పుడు వాన వేరే అన్నావా?"

"మూడేండ్లుగా నష్టమే. ముప్పై రూపాయల్తో కంప్యూటర్ల బాడుగ గూడ రాదు. కంపెనీ నిలబడల్లంటే లాభం చూపించల్ల. ఇవి నీకు అర్థం కావులే."

"లాభం లేకపోతే వచ్చి చెప్పల్ల. యాభై అందాము, అరవై అందాము. నేనే పోయి జనాన్ని అడిగేదాన్ని. చెప్పకుండా కోసుకునేదేంది?"

నాకు తెలుసు, అతని లెక్కలో అబద్ధం లేదు. అప్పుడు అతను క్షమించమని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది. అనలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు, "అక్కా, ఇంక చందాకు మనుషుల అవసరం లేదు. నీ మూడు రూపాయలు గూడ ఈ నెలతో ఆఖరు. వైర్లు చుట్టుకునేదానివి, నీకేదో పేరొచ్చింది, సంతోషం. కానీ ఒకటి తెలుసుకో. జనం దుడ్లు కట్టింది నీ మొకం చూసి కాదు. వాన చూసి."

ఆమె లేచింది. నమస్కారం పెట్టి మరీ బయటికొచ్చింది. ఆ నమస్కారం చూసి నాకు భయమేసింది.

తిరుగు బస్సు కళ్యాణదుర్గం దాటింది. తర్వాత అడిగింది, "సార్, వానికి దుడ్లు యాడ నుంచి వస్తాండాయి?"

నాకు తెలిసిన లెక్క చెప్పాను. నాలుగు ఊళ్ళ పెద్దిళ్ళవాళ్ళు నడివీధిలో మేడలు కట్టుకున్నారు. నెలకు రెండువేలు మూడువేలు కడతారు. అలాంటివి మూడు వందలు. కంపెనీకి సగానికి పైగా ఆ మేడల నుంచే వస్తుంది, చిన్నవాళ్ళ ముప్పైలు లెక్కలోకి రావు, అందుకే అతనికి నీ జనం లోకువ అన్నాను.

ఆమె నన్ను చూసి జాలిపడింది. "మేడ ఎందుకు కట్టుకుంటారు సార్? నలుగురికి చూపించేకి. ఎవరికి చూపించేకి? ముప్పై రూపాయలోళ్ళకి. వీధిలో మనిషే లేకపోతే మేడకు మూడువేలు కట్టే పిచ్చోడు ఎవడుంటాడు?"

ఇరవై ఏళ్ళు ఆల్జీబ్రా చెప్పినవాణ్ణి, నాకు తట్టలేదు. దివాకర్‌కూ తట్టలేదు. ఇంకేం చేస్తావని అడిగితే, జనాన్ని బయటికి తేవాలంది. ఎలా తేవాలో తెలియదంది. చెప్తే వినరు, ఆమె మాటకు ఇప్పుడు విలువ లేదు. ఒకరిద్దరు మానితే వీధిలో వాళ్ళ ఇళ్ళే చీకటవుతాయి, సిగ్గుతో మళ్ళీ కడతారు. అందరూ ఒకేసారి రావాలి.

దారి వాన చూపించింది, లేని వాన. జ్యేష్ఠమంతా ఎండింది, ఆషాఢం ఎండింది, వేరుశనగ విత్తనం మూటల్లోనే ఉంది. మారెమ్మ గుడి ముందు ఊరు కూడి హొరబీడు పెట్టాలని తీర్మానించింది. ఈ పొలిమేర ఊళ్ళల్లో అది పాత అలవాటు. ఊరికి కీడు తగిలిందనుకుంటే ఓ మంగళవారం తెల్లవారకముందే అందరూ ఊరు ఖాళీ చేసి పొలాల్లోకి పోతారు. పిల్లాజెల్లా, పశువులు, గంపల్లో కోళ్ళు, చివరికి పిల్లి కూడా. పొయ్యిలో నిప్పు, దేవుడి దగ్గర దీపం, ఏదీ వెలగకూడదు. దారికి ముళ్ళకంప అడ్డం వేస్తారు. ఖాళీ ఊళ్ళో ఆశ్రయం దొరక్క కీడు వెళ్ళిపోతుందని నమ్మకం. సాయంత్రం పూజారి గుడిలో కొత్త దీపం వెలిగించాక ఆ దీపం నుంచి ఇంటింటికీ వెలిగించుకుంటారు.

పూజారి తిప్పేష్ పందొమ్మిది రోజుల తర్వాతి మంగళవారం ఖాయం చేశాడు. జనం లేవబోతుంటే వెనక నుంచి వనజాక్షి అడిగింది.

"తిప్పేషన్నా, ఒక్క మాట. బెంగళూరోళ్ళు, కువైటోళ్ళు రాలేరు గదా. వాళ్ళ దేహాలు ఈడ లేవు, సరే. వాళ్ళ బొమ్మలు నడివీధిలో ఈ ఊర్లోనే ఉండాయి. మన బొమ్మలూ ఆడుండాయి, మన కోళ్ళూ ఆడుండాయి. అది ఊరా, కాదా?"

కొందరు నవ్వారు. తిప్పేష్ నవ్వలేదు. అతని ఇద్దరు కొడుకులూ బెంగళూరులోనే ఉన్నారు, రోజూ నడివీధిలోనే కలుస్తారు. గడ్డం గోక్కుని అడిగాడు, "ఆడ దీపం ఎలుగుతాదా?"

"ఇంటింటికీ."

"దీపముంటే ఊరే. అదీ ఆర్పల్ల. అదీ ఖాళీ కావల్ల."

నడివీధిలో దీపం ఆరాలంటే చందా రద్దు కావాలి. వేరే దారి లేదు, దాన్ని అలా కట్టింది దివాకరే.

రెండు రోజులకు అతనే ఫోను చేశాడు. నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. గొంతులో తేనె కారుతోంది. ముంబై వాళ్ళెవరో కంపెనీ కొనబోతున్నారట, ఫలానా మంగళవారం అనంతపురం వస్తారట, ఆ సాయంత్రం వాళ్ళ బొమ్మలు నడివీధికి వస్తాయట, ఆ రోజు జాతర పెట్టి అందరికీ వాన ఉచితంగా ఇస్తాడట, జనం కిటకిటలాడాలట. "నువ్వు ఒక్కసారి మీ ఊర్లన్నీ తిరిగి మంగళవారం సంగతి చెప్పక్కా. పాత బాకీ అంతా పంపిస్తా."

మా హొరబీడు మంగళవారమే అది. వనజాక్షి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "చెప్తాలేప్పా. ఒక్క ఇల్లు గూడ ఇడ్సిపెట్టను" అంది. అబద్ధమాడలేదు. అతను వాన సంగతి ఎలా చెప్పలేదో, ఆమె కూడా ఏం చెప్తుందో చెప్పలేదు.

పాత నిచ్చెన లేదు, స్తంభాలు లేవు, మిగతాదంతా మునుపటిలాగే ముప్పై ఊళ్ళూ తిరిగింది. గడపల ముందు తిట్లు తిన్నది. తిట్టాక ఫోను ఇమ్మంది. ఆ రద్దు మీట ఐదు తెరల వెనక దాచిపెట్టారు. ఎక్కడ నొక్కాలో వీధికి నలుగురికి వేలు పట్టుకుని నేర్పి, మిగతా ఇళ్ళకు వాళ్ళను నేర్పమంది, మంగళవారం తెల్లారేదాకా నొక్కొద్దని చెప్పింది. మా వైపు ఊళ్ళు హొరబీడు కోసం ఒప్పుకున్నాయి. బెళుగుప్ప వైపు ఆ అలవాటు లేదు, అయినా అక్కడ ఒకాయన, "వానకు దుడ్లు అడిగినోని ఊర్లో మాకేం పని" అన్నాడు. ఆ మాట ఆమెకంటే ముందు పక్క ఊళ్ళకు, ఆమె చేర్చని ఇళ్ళకు కూడా పోయింది.

మంగళవారం తెల్లవారుజామున ఊరంతా కదిలింది. పశువుల మెడల్లో గంటలు, గంపల్లో కోళ్ళ గొడవ, నెత్తిన చట్టీలు. ముళ్ళకంప అడ్డం వేసి, పొలంలో కానుగ చెట్ల కింద దిగాం. అక్కడే ఫోన్లు తీశాం. ఐదో తెర మీద, "మీరు నిజంగా వెళ్ళిపోతున్నారా? మీ ఇల్లు చీకటైపోతుంది" అని వచ్చింది. మనసు కరిగించడానికి రాసిన మాట అది. మా వాళ్ళు దాన్ని గట్టిగా చదివి, అదే గదా కావల్సింది అని నొక్కారు. సిద్దవ్వ ఫోనుకు కువైట్ నుంచి రేఖ గొంతొచ్చింది, "అమ్మా, నాదీ ఆర్పేసినా." సిద్దవ్వ సరేనంది. తర్వాత కొంగుతో ఫోను తుడిచి చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది.

చందా లేనివాళ్ళు నడివీధి గేటు బయట నిలబడి పది నిమిషాలు లోపలికి చూడొచ్చు. ఐదున్నరకు నేను చూశాను. తోరణాలు, రంగుల రాట్నం, మిఠాయి అంగళ్ళు. ఇటు నుంచి అటు చివరిదాకా చీకటి ఇళ్ళు. మూడు వందల మేడలు మాత్రం ధగధగ వెలుగుతున్నాయి, వాటి మీద పట్టుచీరల బొమ్మలు, బంగారు గొలుసుల బొమ్మలు కిందికి చూస్తూ నిలబడ్డాయి. కింద ఎవరూ లేరు. వీధి మధ్యలో పట్టుపంచె కట్టుకున్న దివాకర్ బొమ్మ, పక్కన కోట్లు వేసుకున్న మూడు బొమ్మలు. అప్పుడు ఉచిత వాన మొదలైంది. ఎంత మంచి వానో. ఆ నలుగురి మీదే పడింది. ఫోను వనజాక్షికి చూపించాను. చూసింది, మోదుగాకు విస్తరిలో మిగిలిన రాగిసంకటి ముద్ద ముగించి చెయ్యి కడుక్కుంది. నాకు మాత్రం ఈలెయ్యాలనిపించింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

చీకటి పడేముందు తిప్పేష్ గుడిలో కొత్త దీపం వెలిగించాడు. ఇళ్ళన్నీ వెలిగాయి. "మరి ఆ ఊరి దీపమెవరు ఎలిగించల్ల?" అని అడిగాడు. "ఆ ఊరికి పెద్ద దివాకర్ గదన్నా. ఆయప్పనే వచ్చి అడగనీ" అంది వనజాక్షి.

ముంబై వాళ్ళు కంపెనీ కొనకుండానే మర్నాడు విమానమెక్కారు. నాలుగో రోజు మొదటి మేడ ఆరింది. అది దివాకర్ సొంత మేనమామది. చూసేవాళ్ళు లేని మేడ నాకెందుకురా అన్నాడట. పన్నెండో రోజుకు దివాకర్ కారు వనజాక్షి ఇంటి ముందు ఆగింది. తేలు కుట్టిన దొంగలా దిగాడు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది, పీట వెయ్యలేదు.

"వాన ముప్పైకే ఇస్తానక్కా. కోసుకున్న దుడ్లు ఎనక్కిస్తా. నీకు మూడు కాదు, ఐదు. రాసిస్తా."

"నాకు దుడ్లు వద్దు. ఇల్లిల్లూ తిరుగు. ప్రతి గడప ముందరా నిలబడి, మాట తప్పింది నేను, వనజాక్షి కాదు అని చెప్పు. ఎనకాల నేనుంటా."

"తిరిగితే దీపాలు ఎలిగిస్తారా?"

"తిరిగినాక వాళ్ళే చెప్తారు."

మా ఊరు ఏమంటే మిగతా ఊళ్ళూ అదే అంటాయని మా ఊళ్ళోనే మొదలుపెట్టాడు, ఆరువందల గడపలు. ఎనిమిది రోజులు తిరిగాడు. నలగని చొక్కా మొదటి రోజే నలిగింది. కొందరు వినకుండా తలుపేశారు, కొందరు మళ్ళీ చెప్పించుకున్నారు. ఒకామె, మా ఆయన చేన్లో ఉన్నాడు, వచ్చేదాకా ఉండి ఆయనకూ చెప్పు అని గంట నిలబెట్టింది. అతను చెప్పిన ప్రతి గడపలోనూ తర్వాత వనజాక్షికి పీట పడింది. ఆమె కూచోలేదు. ఇంకా ఇళ్ళున్నాయి అంటూ నడిచింది.

ఎనిమిదో రోజు ఆదివారం, నేనూ వెంట ఉన్నాను. ఆఖరి ఇల్లు సిద్దవ్వది. కావాలనే ఆఖర్న పెట్టిందనుకుంటాను. ముసలామె చీపురు పక్కన పెట్టి గడపలోకొచ్చింది. దివాకర్ గొంతు అప్పటికే బొంగురుపోయింది. చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత చేతులు కట్టుకుని, "ముప్పైకే అవ్వా. వాన గూడ అందులోనే. ఈరోజు సాయంత్రమే నీ కూతురితో కూచోవచ్చు" అన్నాడు.

ఆ ఒక్కచోట నా మనసు కలుక్కుమంది. ఇరవై రోజులుగా ఆ తల్లీ కూతుళ్ళకు అరుగు లేదు. ఆ సంగతి నాకంటే వనజాక్షికే బాగా తెలుసు. వాళ్ళ ఫోను రోజూ రెండు నిమిషాలకే ఆగిపోతోందని నాకు చెప్పింది ఆమే.

సిద్దవ్వ దివాకర్ వైపు చూడనే లేదు. వనజాక్షిని అడిగింది.

"నిజమేనామ్మా?"

వీధంతా గడపల్లో నిలబడి వింటోంది. ఆమె ఊ అంటే చాలు, సాయంత్రానికి నాలుగువేల దీపాలు వెలుగుతాయి. దివాకర్‌కు అది తెలిసింది. అనంతపురం ఆఫీసులో తను అన్న మాట అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, ఆమె వైపు తిరిగి, చెప్పక్కా అన్నట్టు రెండు చేతులూ జోడించాడు.

"నన్నడగద్దవ్వా. మాట ఆయప్పది. ఆయప్పనే అడుగు" అంది వనజాక్షి.

సిద్దవ్వ అప్పుడు తలెత్తి దివాకర్‌ను చూసింది. పైనుంచి కిందిదాకా, సంతలో ఎద్దును చూసినంతసేపు చూసింది.

"అట్లయితే వద్దులేమ్మా" అని చీపురు తీసుకుని లోపలికి పోయింది.